ఎర వేసినోడిది తప్పు కాదా?



ఈ రోజు ఫోన్ గురించి మాట్లాడుకుందాం. గూడెంలో సిగ్నల్ ఏ గుట్ట మీద దొరుకుతదో ఇప్పుడు చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ సిగ్నల్ మీదనే మన గోడు బయటికి పోతున్నది. ఆ దారిలోనే ముఖం తెలియని మనుషులు మన దగ్గరికి వస్తున్నరు. వాళ్లలో పోలీసులుంటే? మనల్ని చూసి ఊరుకోకుండా, వాళ్లే నేరం వైపు నెడితే?

ముందు న్యాయంగా ఒక మాట చెప్పుకోవాలి. పోలీసులు మారుపేరుతో ఆన్‌లైన్‌లోకి రావడం ప్రతిసారీ తప్పు కాదు. పసిపిల్లల కోసం వెతుక్కుంటూ తిరిగే దుర్మార్గులుంటరు. ఒక పోలీసు చిన్నపిల్ల పేరుతో అకౌంట్ పెట్టి ఊరికే ఉంటే, వాడే వచ్చి, వాడే అడిగి, వాడే రమ్మంటే పట్టుకోవాల్సిందే. పని ఇప్పిస్తమని ఆడపిల్లలను పట్నం తీసుకుపోయి అమ్మే ముఠాలను కూడా ఇట్లనే పట్టుకోవచ్చు. అక్కడ నేరం ఆలోచన వాడి బుర్రలోనే ఉంది.

ఇంకో రకం చూడండి. ఒకాయన మీ గూడేనికి వచ్చి "మంచానికి టేకు కావాలె" అన్నడనుకోండి. మీరు లేదన్నరు. మళ్లీ వచ్చిండు, బిడ్డ పెళ్లి అన్నడు. మూడోసారి పైసలు చేతిలో పెట్టిండు. నాలుగోసారి మీరు గొడ్డలి పట్టిండ్రు. చెట్టు కూలంగనే అదే మనిషి కేసు పెట్టించిండు. చెట్టు కొట్టింది మీరే, నిజం. కానీ ఆయన రాకపోతే ఆ చెట్టు నిలబడే ఉండేది కదా? జాడ పట్టి పోవడం వేరు, ఎర వేయడం వేరు.

అమెరికాలో ఇట్లాంటి కేసే సుప్రీంకోర్టు దాకా పోయింది. నెబ్రాస్కాలో జాకబ్సన్ అనే రైతు 1984లో మైనర్ల నగ్న చిత్రాలున్న పత్రికలు తెప్పించుకున్నడు. అప్పటికి అది నేరం కాదు, తర్వాత చట్టం మారింది. పాత జాబితాలో పేరు చూసి రెండు ప్రభుత్వ సంస్థలు ఆయన వెంట పడ్డయి. ఐదు దొంగ సంఘాలు, ఒక దొంగ కలం స్నేహితుడు, 26 నెలలు. చివరికి ఆయన ఆర్డర్ ఇచ్చిండు, అరెస్టయిండు. ప్రభుత్వం వెంట పడకముందే ఆ నేరానికి సిద్ధంగా ఉన్నడని రుజువు కాలేదని 1992లో కోర్టు 5-4 తేడాతో శిక్ష కొట్టేసింది.

ఆ మనిషి మీద మనకు గౌరవం అక్కర్లేదు. ఆ ఉత్తరాల్లో ఏం రాసిండ్రో చూడండి. సెన్సార్‌షిప్ మీద పోరాడాలని, వ్యక్తి స్వేచ్ఛను కాపాడుకోవాలని రాసిండ్రు. హక్కుల మాటనే ఎరగా గుచ్చిండ్రు. హక్కుల కోసం మాట్లాడే మనకు ఇది తెలిసి ఉండాలె.

మెంఫిస్ నగరంలో పోలీసులు "బాబ్ స్మిత్" అనే దొంగ ఫేస్‌బుక్ అకౌంట్‌తో నల్లజాతి ఉద్యమకారులతో స్నేహం చేసి వాళ్ల మీద నిఘా పెట్టిండ్రు. రాజకీయ నిఘా పెట్టమని 1978లో కోర్టులో ఒప్పుకున్న షరతును ఉల్లంఘించిండ్రని 2018లో ఫెడరల్ జడ్జి తేల్చిండు. అక్కడ నేరం చేయించలేదు. కానీ ఒక సంఘంలో మనిషిని మనిషి నమ్మకుండా చేయడానికి అంత చాలు.

మరి మన దేశంలో? "నాకు ఎర వేసిండ్రు" అని తప్పించుకునే ప్రత్యేక సెక్షన్ మన శిక్షా చట్టంలో లేదు. నేరానికి ఉసిగొల్పడాన్ని భారతీయ న్యాయ సంహిత 45వ సెక్షన్ ప్రేరేపణ అంటది. మామూలు మనిషి ఉసిగొల్పితే నేరమైనప్పుడు, జీతం తీసుకొని ఉసిగొల్పితే డ్యూటీ ఎట్లయితది? పైగా ఉపా కేసు పెడితే, ఆరోపణ పైకి నిజమనిపిస్తే చాలు, 43డి(5) ప్రకారం బెయిల్ రాదు. ఎర ఎవరు వేసిండ్రో కోర్టు తేల్చే లోపల ఒక పిల్లగాడి చదువు, వయసు జైల్లో అయిపోతయి.

అందుకే మనం అడగాల్సినవి మూడు. ఒక మనిషి మీద దొంగ అకౌంట్ వాడే ముందు అనుమానానికి ఆధారం చూపాలె. పై అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలె. మొదటి మెసేజ్ నుంచి చివరి దాకా మొత్తం సంభాషణ కోర్టుకు పోవాలె. ముందు ఎవరు అడిగిండ్రు, మనోడు ఎన్నిసార్లు వద్దన్నడు అనేది అందులోనే తేలుతది.

మీరు చేయాల్సింది కూడా ఉంది. తెలియనోడు తుపాకి గురించో, పేలుడు మందు గురించో, సులువుగా వచ్చే పైసల గురించో మాట్లాడితే సరదాకు కూడా "సరే" అనకండి. "వద్దు" అని రాసి ఆపేయండి. ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి. భయపడి చాట్ డిలీట్ చేయకండి. అది మీ సాక్ష్యం. అదే రోజు సంఘం పెద్దలకో, లాయర్‌కో చూపించండి. అట్లని పక్కనున్న సోదరుణ్ణి ఇన్‌ఫార్మర్ అని ముద్ర వేయకండి. మనలో మనకు నమ్మకం పోతే, వాళ్లు ఎర వేయకుండానే గెలిచినట్టు.

జోహార్!