విద్యార్థులు నిర్మించిన రాకెట్టు
(వార్షిక మహాసభ విద్యాగోష్ఠియందు చేసిన ఉపన్యాసము)



ఈ గోష్ఠియందు నాలుగు మాటలు చెప్పుమని ఆహ్వానసంఘమువారు నన్నాజ్ఞాపించినప్పుడు వారు నానుండి విద్యానిధి ఆదాయవ్యయముల ప్రసంగమును కోరియుందురు. నేనో, రాకెట్టులనుగూర్చి చెప్పదలచి వచ్చితిని. కారణమును ముందే నివేదించుకొనెదను. మూడేండ్ల క్రిందట మన విద్యానిధి ఉపసంఘమునకు ఒక ఇంజనీరింగు విద్యార్థి అర్జీ పెట్టుకొనెను. తన కళాశాలలో పదిమంది మిత్రులు కలిసి ఒక రాకెట్టును నిర్మింపబూనిరనియు, తన వంతు సామగ్రికి కొంత సాయము కావలెననియు అందు వ్రాసియుండెను. ఆ యర్జీ యంచున "ఇది విద్యావ్యయము గాదు" అని వ్రాసి సంతకము చేసినవాడను నేనే. జీతము కట్టవచ్చును, పుస్తకములు కొనియీయవచ్చును, భోజనవసతికి సాయపడవచ్చును. తారాజువ్వలకు నిధిసొమ్మును వెచ్చింపరాదని నాటి నా యభిప్రాయము. తరువాత నేను చదివిన సంగతులు ఆ యభిప్రాయమును మార్చినవి. వానినే మీకు మనవిచేసెదను.

అమెరికాదేశమున రాకెట్టుల నెగురవేయుట విశ్వవిద్యాలయ విద్యార్థులలో బాగుగా వ్యాపించిన వ్యాసంగము. ఆట యెక్కడ ముగియునో, పని యెక్కడ మొదలగునో వారు నియమముల మూలమున నిర్ణయించుకొనిరి. మోటారుల బలమును అక్షరములతో గుర్తింతురు. ఒక్కొక్క అక్షరము దాటినకొలది బలపు హద్దు రెట్టింపగుచుండును. 'జి' అక్షరమువరకు సామాన్యములు. 'హెచ్' మొదలు అధికశక్తి రాకెట్టులు. వీనిని ఎగురవేయగోరువారు మూడంతస్తులుగా నున్న అనుమతులను క్రమముగా సంపాదించుకొనవలయును. రాకెట్టును ఎగురవేయుట మాత్రము చాలదు; అది చెడకుండ తిరిగి చేతికి వచ్చిననే మొదటి యనుమతియైనను లభించును. ఎగురవేయుటకు విమానయానశాఖవారి అంగీకారమును వలయును. దీపావళి వేడుకతో నేను పోల్చుకొన్న పని యిట్టిది!

ఈ వ్యాసంగమునకు పూర్వచరిత్ర కొంత కలదు. 1936వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీన కాలిఫోర్నియా రాష్ట్రపు పాసడీనా పట్టణమువద్ద, ఎండిన వాగొకదానిలో కొందరు యువకులు చిన్న రాకెట్టు మోటారును పరీక్షించిరి. వారిలో ఫ్రాంక్ మలీనా అచ్చటి కాల్టెక్ విద్యాలయమున పై చదువు చదువుచుండెను. జాక్ పార్సన్సు, ఎడ్ ఫోర్మనులు ఆ విద్యాలయపు విద్యార్థులైనను గారు. రాకెట్టులపై మక్కువతో చేరినవారు. నాటి పరీక్షయందు ఆక్సిజను గొట్టమునకే నిప్పంటుకొని, అది పామువలె మెలికలు తిరుగుచు నేలపై కొట్టుకొనగా అందరును పారిపోయిరి. వారికి తోటివారిచ్చిన బిరుదు "ఆత్మహత్యా దళము".

ధనమో, శూన్యము. సినిమాకథ వ్రాసి అమ్మి దానితో పరిశోధన సాగింతమని కూడ వారు ప్రయత్నించిరి. అప్పుడు అదే విద్యాలయములోని వెల్డ్ ఆర్నాల్డ్ అనునతడు ముందుకు వచ్చి, తనను ఛాయాచిత్రములు తీయుటకు చేర్చుకొన్నచో వేయి డాలర్లిచ్చెదననెను. మొదటి నూరు డాలర్లను ఒకటి, అయిదు డాలర్ల నోట్లుగా వార్తాపత్రికలో చుట్టి తెచ్చెను. ఆ సొమ్ము నతడెట్లు కూడబెట్టెనో వారికెన్నడును తెలియలేదట. దాతలారా! ఆ కాగితపు పొట్లమును నేను మరువజాలకున్నాను. ఆ యువకుల గుంపునుండియే నేడు గ్రహములకు యంత్రనౌకలను పంపుచున్న జెట్ ప్రొపల్షన్ లేబరేటరీ పుట్టినది. వారిని ఆదరించి విద్యాలయమున చోటిచ్చిన ఆచార్యుడు థియొడోర్ వాన్ కార్మాన్. భూమికి 100 కిలోమీటర్ల యెత్తున అంతరిక్షమునకు హద్దుగా నెన్నుకొనిన రేఖకు అతని పేరే పెట్టిరి.

ఆ రేఖను విద్యార్థులే దాటవలెనను కోరిక పాసడీనాకు కొద్దిదూరముననే, లాస్ ఏంజలస్ నగరములోని దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున ఫలించినది. అచ్చటి విద్యార్థులు 2005లో ఒక రాకెట్టు ప్రయోగశాలను స్థాపించుకొనిరి. వారు తమ రాకెట్టులకు "ట్రావెలర్", అనగా బాటసారి, అని పేరిడిరి. 2013లో మొదటి బాటసారి ఎగిరిన కొద్ది క్షణములకే పేలిపోయెను. 2014లో రెండవదానికిని అదే గతి పట్టెను.

ఎందుకు పేలునని అడుగుదురేమో. ఇట్టి రాకెట్టులలో సాధారణముగా వాడు ఇంధనము అమోనియం పెర్క్లోరేటు, అల్యూమినియపు పొడి, వానిని పట్టియుంచు రబ్బరువంటి పదార్థము కలిపి పోతపోసిన ముద్ద. ముద్దలో వెండ్రుకవాసి చీలికయున్నను, గాలిబుడగ నిలిచినను, మండెడు ఉపరితలము పెరుగును. దానితో లోపలి ఒత్తిడి పెరుగును. ఒత్తిడి మితిమీరినచో గొట్టము పగులును. అనగా నెలలతరబడి పడిన శ్రమ యంతయు, పోతపోసిన నాటి ఒక్క అజాగ్రత్తవలన బూడిద కావచ్చును. విద్యార్థులకు ఇంతకంటె నిష్పక్షపాతియైన పరీక్షాధికారి దొరకడు.

మూడవ బాటసారి కథ వేరు. 2018 సెప్టెంబరులో నెవాడా రాష్ట్రపు బ్లాక్ రాక్ ఎడారినుండి అది చక్కగా లేచిపోయెను. కాని ఎత్తును, వేగమును గుర్తించు యంత్రమును ప్రయోగమునకు ముందు మేల్కొల్పుట మరచిరి! రాకెట్టు అంతరిక్షమును ముట్టినదో లేదో చెప్పుటకు సాక్ష్యము లేకపోయెను. ముట్టియుండవచ్చునని ఊహింప వీలున్నను, విజయము సాధించితిమని వారు చాటుకొనలేదు, మరల మొదలుపెట్టిరి. మన మహాసభల నివేదికలను వ్రాయు వారిలో నేనును ఒకడను గనుక, ఈ నిగ్రహమెంత కష్టమో యెరుగుదును.

2019 ఏప్రిల్ 21న న్యూమెక్సికోనుండి నాల్గవ బాటసారి లేచినది. పొడవు ఇంచుమించు 13 అడుగులు. చేరిన ఎత్తు 3,39,800 అడుగులు, అనగా 103 కిలోమీటర్లకు పైగా. కార్మాన్ రేఖను దాటిన మొదటి విద్యార్థి రాకెట్టని దానికి కీర్తి వచ్చెను. కాని ఆ లెక్కతోపాటు, ఇందు 16,500 అడుగుల హెచ్చుతగ్గులుండవచ్చునని వారే ప్రకటించిరి. తగ్గించి చూచినచో 3,23,300 అడుగులగును. రేఖయో 3,28,000 అడుగులకు పైన నున్నది. కావున రేఖను దాటితిమని నూటికి తొంబదిపాళ్లు మాత్రమే నమ్మకముగా చెప్పగలమని వారు వ్రాసిరి. ఆరేండ్లు పాటుపడి, రెండు పేల్చుకొని, ఒకటి కొలతలేక పోగొట్టుకొనిన పిల్లలు, విజయదినమున కూడ మిగిలిన పదిపాళ్లను దాచలేదు. ఏ పాఠ్యపుస్తకమువలన ఇది అలవడునో నాకు తెలియదు.

ఆ సందేహమును తరువాతి తరమువారు తీర్చిరి. 2024 అక్టోబరు 20న బ్లాక్ రాక్ ఎడారినుండియే వారి "ఆఫ్టర్‌షాక్ 2" 4,70,000 అడుగులు, అనగా 143 కిలోమీటర్లు ఎగసెను. ధ్వనివేగమునకు అయిదున్నర రెట్లు దాటిన ఆ పయనమున గాలి రాపిడికి కాగి, రెక్కల యంచులకు తొడిగిన టైటానియము నీలివన్నె తిరిగియుండెనట. పోల్చిచూచుకొనుటకు మన యింటి సంగతి యొకటి: 2022 నవంబరు 18న శ్రీహరికోటనుండి హైదరాబాదు సంస్థయొకటి పంపిన విక్రమ్-ఎస్ రాకెట్టు 89.5 కిలోమీటర్లు చేరగా దేశమంతయు సంతోషించితిమి, అది న్యాయమే. అట్టి సంస్థలకు రేపు కావలసిన పనివారు ఎక్కడ చేయి తిప్పి నేర్చుకొందురు?

పెద్దలు కొందరు ప్రమాదము మాట యెత్తుదురు. సత్యమే. మన దేశమున పేలుడు పదార్థములను తయారుచేయుటకు ప్రభుత్వపు లైసెన్సు వలయును; ఇంటి పెరటిలో మందు కలుపు పిల్లవానికి మనము కాసైనను ఈయరాదు. కాని గొట్టము చుట్టుట, పారాషూటు కుట్టుట, కొలతయంత్రమును కూర్చుట, లెక్కకట్టుట, వీనియందు ప్రమాదమేమున్నది? ఉపాధ్యాయుని పర్యవేక్షణతో, అనుమతిగల చోట జరుగు పనికే సాయమిత్తము.

కావున సాయంకాలపు సభలో ఒక తీర్మానమును ప్రతిపాదింపనున్నాను. విద్యానిధి వడ్డీలో పదవవంతును విద్యార్థుల నిర్మాణకార్యములకు ప్రత్యేకింపవలయును. రాకెట్టే కానక్కరలేదు; నాగటియంత్రమైనను, నీటిపంపైనను సరియే. పని చెడినచో సొమ్ము తిరిగి యడుగరాదు. ఎట్లు చెడినదో దాపరికము లేక వ్రాసియిచ్చుటయే వారు మనకు చెల్లింపవలసిన ఋణము.

ఆ విద్యార్థి మరల మనకు అర్జీ పెట్టలేదు. నా వ్రాతతోకూడిన ఆతని కాగితమును ఉపసంఘపు కట్టలోనుండి తీసి తెచ్చితిని. అధ్యక్షులవారి బల్లపై నుంచుచున్నాను; తీర్మానముతోపాటు దానినికూడ సభవారికి చదివి వినిపింపగోరుచున్నాను.