పూటకూటి యింటి ఋణము
(సంఘ వార్షిక మహాసభ సందర్భమున అమలాపురమున చేసిన యుపన్యాసము)



విద్యార్థుల వసతిని గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్నాజ్ఞాపించిరి. నేను విద్వాంసుడను గాను. ఈ యూర పూటకూటి యింట పుట్టి, విస్తళ్లు కుట్టి, వానిలో భుజించినవారి ధర్మమున చదువుకొన్నవాడను. నేనెఱిగినది చెప్పెదను, అప్రియమైన మాట యొకటి దొరలినచో పెద్దలు క్షమింతురు గాక.

1951వ సంవత్సరమున అమలాపురమున శ్రీ కోనసీమ భానోజీ రామర్స్ కళాశాల వెలసినది. అంతకు పూర్వము మన బాలురు పై చదువులకు గోదావరి పాయలు దాటి రాజమహేంద్రవరమో, కాకినాడయో, నరసాపురమో చేరవలసి యుండెను. కళాశాల వచ్చిన పిమ్మట రాజోలు, కొత్తపేట ప్రాంతముల పిల్లలిచ్చటికి రాసాగిరి. ఫీజు కట్టి, గది కుదుర్చుకొన్నంతనే చదువు సాగునా? రెండు పూటల అన్నమెక్కడ?

పూర్వము మనలో వారములు చేసికొని చదువుకొను పద్ధతి యుండెడిది. ఏడు దినములకు ఏడిండ్లు. అది గొప్ప ధర్మమే, నేను నిందింపను. కాని వారాలబ్బాయి సోమవారమునాడు ఏ గృహిణి ముఖమెట్లున్నదో చూచుకొని పీట వాల్చుకొనవలసి యుండెను. పూటకూటి యింటనో, ఆలస్యముగానైనను పైకమిచ్చువాడు గనుక, కుఱ్ఱవాడు తల యెత్తుకొని ‘మజ్జిగ పోయుడు’ అని యడుగగలిగెను. ఈ భేదము చిన్నది కాదు.

అయినను మనవారు అన్నదానమును పొగడి, అన్నవిక్రయమును ఈసడించిరి. లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) ఆకలిగొన్నవారికెల్ల అన్నము పెట్టి అపర అన్నపూర్ణ యనిపించుకొన్నారు. ఆ తల్లికి నమస్కారము. కాని దానమీయుటకు భూమి లేని వితంతువు, బిడ్డలను పెంచుటకై పది మందికి వండి పెట్టి వెల పుచ్చుకొన్న యెడల, ఆమెను చులుకనగా చూచితిమి. కన్యాశుల్కములోని పూటకూళ్లమ్మను తలచుకొని నవ్వుటయే గాని, ఒంగోలులో పూటకూళ్లు పెట్టి తన కుమారుని చదివించిన టంగుటూరి సుబ్బమ్మగారిని తలచుకొన్నవారెందరు? ఆ కుమారుడే 1946లో మదరాసు రాష్ట్రమునకును, 1953లో ఆంధ్ర రాష్ట్రమునకును ప్రధాన పదవి నధిష్ఠించిన ప్రకాశం పంతులుగారు.

మా యమ్మయు అట్టి యిల్లే నడపినది. నెలకు అరువది పూటలు; ఊరికి పోయిన పూటలు తగ్గింపు. ముద్దపప్పు, ఒక కూర, పులుసు, మజ్జిగ. ఆదివారము పనసపొట్టు కూరయో, కందాబచ్చలియో యుండును. ఆనాడు అప్పున్నవాడును లేనివాడును తప్పక వచ్చెడివారు. పరీక్ష ఫీజు కట్టవలసిన నెలలో ఆమె యెవరినీ బాకీ యడుగలేదు. కోనసీమలో కుటుంబముల చేతికి రొక్కము కొబ్బరి దింపుతో వచ్చును గనుక, పద్దు పుస్తకమున ఆ పేరు కెదురుగా ‘దింపు తరువాత’ అని వ్రాసికొనెడిది. ఆ దింపు కొందఱికి ఎన్నటికిని దిగలేదు.

ఇక అప్రియమైన మాట. మా యింట లోపలి వస మనవారికి, అరుగు ఇతరులకు, కొందఱికి అరుగును లేదు. 1950లో రాజ్యాంగము భోజనశాలలలో కులభేదము కూడదన్నది. 1955లో అస్పృశ్యతా నేరముల చట్టము వచ్చినది. ఆ తరువాతను కొన్నేండ్లు మా యింటి పంక్తి మారలేదు. ఒకనాడు ఒకే పుస్తకము కలసి చదువు ఇద్దఱు బాలురు వచ్చిరి. ఒకడు లోపల భుజించుచుండగా రెండవవాడు వీధిలో ఎండలో పుస్తకము పట్టుకొని నిలిచియుండెను. మా యమ్మ చూచినది. వెంటనే యేమియు ననలేదు. మరునాడు ఆ బాలుని పిలిచి, వసలో మరియొక విస్తరి వేయించినది. మన పెద్దలు కొందఱు మా యింట భోజనము మానిరి. విద్యార్థులు మాత్రము మానలేదు.

ఇప్పుడు సభ ముందున్న తీర్మానము, మన విద్యార్థులకు మాత్రమే వసతి గృహము కట్టవలెనని. ఉద్దేశము మంచిదే. కాని కట్టడమునకు నిధి యంతయు ఖర్చగును; పిమ్మట వంటవానికి జీతమెవరిత్తురు? 2025 జనవరి నుండి ప్రభుత్వ జూనియరు కళాశాలలలో సీతమ్మగారి పేర మధ్యాహ్న భోజనము పెట్టుచున్నారు. రాత్రి పూట మిగిలియే యున్నది. ఆ పూట పెట్టగల కుటుంబములు ఈ పట్టణమున నింకను కలవు. నెలసరి బాకీలు రాక, పిల్లలు పొరుగు దేశములకు పోయి, అట్టి యిండ్లు ఒక్కొక్కటిగా మూతపడుచున్నవి.

కావున నా సవరణ యిది: నిధిలో సగము బ్యాంకున నిలువ యుంచి, దాని వడ్డీతో పేద విద్యార్థుల రాత్రి భోజనపు పద్దులను నేరుగా ఆ యిండ్లకు చెల్లింపవలెను. కులము నడుగరాదు, హాజరు పట్టీ చూచిన చాలును. విద్యార్థి పేరు సభలలో చదువరాదు, సంచికలో అచ్చు వేయరాదు. మా యమ్మ పద్దు పుస్తకము నా యొద్ద నున్నది. లెక్క యెట్లు వ్రాయవలెనో కార్యవర్గమువారు చూడగోరినచో తెచ్చి యిచ్చెదను.