అంకె - సంఖ్య

అంకె యనియు సంఖ్య యనియు రెండు మాటలను మనము ఒకదానికి మాఱుగా నింకొకటి వాడుచుందుము. అంకెలు సున్నతో గూడ పదియే. సంఖ్యలకు అంతము లేదు. అక్షరములకును మాటలకును గల భేదమే వీనికిని గలదు. 5 ఒంటిగా నున్నప్పుడు అంకెయు నదే, సంఖ్యయు నదే. 55 లో ఆ యంకెయే యొకచోట ఏబదిగను, మఱియొకచోట అయిదుగను చెల్లును. విలువ నిచ్చునది స్థానము.

ఇది బడిపిల్లల పాఠమేగదా యని త్రోసివేయరాదు. ప్రామిసరీ నోటుపై 500 అని వ్రాసి ప్రక్కను చోటు విడిచినచో, అందొక సున్న చేర్చుటకు ఎంతసేపు పట్టును? పెరిగినది అంకె యొక్కటి; అప్పు పదిరెట్లైనది. సున్నకు విలువయే లేదనువారు ఆ నోటును జూడవలెను! అందుచేతనే మొత్తమును అక్షరములలో గూడ వ్రాయు నాచారము. అంకెలకును అక్షరములకును పొసగనిచో అక్షరములలోని మొత్తమే చెల్లునని 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్ల చట్టము 18వ సెక్షను చెప్పుచున్నది. కావున వ్రేలిముద్ర వేయువారికి నోటు చదివి వినిపించునపుడు పెద్దలు అంకెలకడ నాగక అక్షరములవఱకు పోవలెను. ఆ చోటు ఖాళీగా నున్న కాగితముపై సాక్షి సంతకము చేయకుడు.