తెలుగు రాయించిన పంతుళ్ళు



మా కొత్తవలస స్టేషను దాటితే ఇటు విశాఖ, అటు విజయనగరం. పిల్లలచేత వాడుక మాటల్లో వ్యాసం రాయించాలని పంతుళ్ళకే పాఠం చెప్పిన పెద్దలు ఈ ప్రాంతంలోనే కలిశారండీ. వారి ఉద్యోగాలు వింటే ఆశ్చర్యపోతారు.

1906 ప్రాంతంలో విశాఖ ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు. వారి ఇంటి భాష తమిళం! యేట్స్ దొర బడుల ఇన్‌స్పెక్టరు. గురజాడ అప్పారావుగారిది విజయనగరం సంస్థానంలో కొలువు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు బళ్ళో చెప్పింది చరిత్ర. తెలుగు పండితుడి ఉద్యోగం ఒక్కరిదీ కాదు.

మరి వాళ్ళకెలా తట్టింది? దొరకి తెలుగు కొత్త. వీధిలో వినే మాటకీ పుస్తకంలో మాటకీ ఇంత తేడా ఎందుకని అడిగాడు. గిడుగువారేమో అప్పటికి లిపి లేని సవర భాష చెవితో విని నేర్చుకుని, దానికి పుస్తకాలు రాశారు. మాట ముందు, రాత తరవాత అని ఆయనకొకరు చెప్పాలా?

1912-13లో స్కూలు ఫైనలు వ్యాసం వాడుక భాషలోనూ రాయవచ్చన్నారు. పండితులు గోల చేస్తే ఆ ఉత్తరువు కాస్తా రద్దయింది.

ఇప్పటికీ మన పిల్ల "మా అమ్మ చీకటితోనే లేస్తుంది" అని సొంతంగా రాస్తే కొట్టేసి, నోట్సులోది బట్టీ పట్టమనే చోట్లున్నాయి. ఈసారి బడికి వెళ్తే మార్కులొక్కటే అడక్కండి. "మాస్టారూ, ఈమధ్య మీరేం రాశారు?" అని కూడా అడగండి. కోప్పడితే పడనివ్వండి.