లెక్కకు వచ్చు మాటలు, లెక్కకు రాని మాటలు

మీ మనుమడు ఇంగ్లీషు పాఠమున పాలకు ‘మిల్క్స్’ అని వ్రాయుటయు, ఉపాధ్యాయుడు దానిని కొట్టివేయుటయు జరుగవచ్చును. అంతమాత్రమున బాలుని మందమతి యనరాదు. మనకు పాలు, నీళ్లు నిత్యబహువచనములు. ‘ఆవు ఎన్ని పాలిచ్చును?’ అని అడుగుదుము. అతడు మన పలుకుబడినే ఆ భాషలోనికి గొనిపోయినాడు.

ఇంగ్లీషున నామవాచకములు రెండు తెగలు. ఆవు, కుర్చీ మొదలగునవి లెక్కకు వచ్చును; వానికి బహువచనము కలదు; ‘ఎన్ని’ యనుటకు ‘హౌ మెనీ’ అందురు. పాలు, బియ్యము, సలహా, సమాచారము లెక్కకు రావు. అవి సామాన్యముగా ఏకవచనముననే యుండును. ‘హౌ మచ్’, అనగా ‘ఎంత’, అని అడుగవలెను. సలహాలను లెక్కింపవలసివచ్చినచో ‘పీస్ ఆఫ్ అడ్వైస్’, అనగా సలహా తునక, యందురు. మనము రెండు తవ్వల బియ్యమనుట వంటిదే యిది.

ఈ భేదము వస్తువునందు లేదు, వాడుకయందున్నది. మనకు వడ్లు బహువచనము. దంచి పొట్టు తీసినంతనే బియ్యము ఏకవచనము. గింజలేమైన తరిగినవా?

ఆంగ్లేయులును ఇట్లు పొరపడినవారే. పూర్వము బఠాణీలకు వారి మాట ‘పీజ్’. అది ఏకవచనమే. దాని తుది ధ్వనిని బహువచన ప్రత్యయమని భావించి, 17వ శతాబ్దమున ‘పీ’ అను ఏకవచనమును కల్పించిరి. నేడదియే ఒప్పు.

కావున పెద్దలారా, బాలుని కోపింపక, ఒక్కొక్క మాటకు ‘ఎన్ని’యా ‘ఎంత’యా యని అడిగించుడు. వడ్లకు బియ్యమునకు గల భేదము నెరిగినవానికి ‘మిల్క్’ ఏకవచనమగుట వింతగా తోచదు.