బడి అన్నానికి ముందే
(మాధవరంలో యువజన కూడికలో చేసిన ప్రసంగం)



మనం కూడుకున్న ఈ మాధవరంలో పాల కాలనీ ఉంది, ఆవిన్ డెయిరీ ఉంది. నెల్లూరు, తిరుపతి వైపు నుంచి బతుకుతెరువు కోసం వచ్చే మనవాళ్లు ఇక్కడి బస్టాండులోనే దిగుతారు. పాలకు పేరుపడ్డ ఈ ఊళ్లో వాళ్ల పసిబిడ్డల గిన్నెలో ఏముందో ఈ రోజు ఆలోచిద్దాం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు దేశంలో 35.5 శాతం. తెలంగాణలో 33.1, ఆంధ్రప్రదేశ్‌లో 31.2, తమిళనాడులో 25 శాతం. ఎంతో మెరుగనుకునే తమిళనాడులో కూడా నలుగురిలో ఒక బిడ్డ!

"మా వంశమే పొట్టి" అని మనం సరిపెట్టుకుంటాం. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు దేశాల్లో పిల్లల ఎదుగుదలను కొలిచింది. మంచి తిండి, శుభ్రత, వైద్యం అందిన ఢిల్లీ పిల్లలు నార్వే, అమెరికా పిల్లలకు దీటుగా పెరిగారు. ఆ కొలతలతోనే 2006లో ప్రమాణాలు వెలువడ్డాయి. కాబట్టి ఇంతమంది బిడ్డలు ఎదగకపోవడానికి కారణం వంశం కాదు, లేమి.

ఆ లేమి తల్లి కడుపులోనే మొదలవుతుంది. చిన్న వయసులో పెళ్లి, రక్తహీనత, కాన్పుకు కాన్పుకు ఎడం లేకపోవడం, అందరూ తిన్నాక మిగిలింది తల్లి తినడం, ఇవన్నీ బిడ్డ మీద పడతాయి. ఆరు నెలలు నిండాక తల్లిపాలతో పాటు గుడ్డు, పప్పు, ఆకుకూర పెట్టాలి. మనం పలుచని గంజి, బిస్కెట్లతో సరిపెడతాం. మురికినీళ్ల వల్ల మాటిమాటికీ విరేచనాలైతే తిన్న కాస్తా ఒంటబట్టదు.

నష్టం ఎత్తుతో ఆగదు. మెదడు వేగంగా ఎదిగే కాలం కూడా ఇదే. బిడ్డ చదువులో వెనకబడవచ్చు, పెద్దయ్యాక సంపాదన తగ్గవచ్చు. ఎదగని ఆడపిల్ల తల్లి అయితే కాన్పు కష్టమవుతుంది, ఆమె బిడ్డ కూడా తక్కువ బరువుతో పుట్టే ప్రమాదం ఉంది. అలా పేదరికం ఒంటిలోనే వారసత్వమవుతుంది.

పిల్లలకు అన్నం పెట్టడంలో ఈ నగరానికి గొప్ప చరిత్ర ఉంది. తెలుగు కుటుంబంలో పుట్టిన పిట్టి త్యాగరాయ చెట్టి మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉన్న కాలంలో, 1920లో, థౌజండ్ లైట్స్ బడిలో మధ్యాహ్న భోజనం మొదలైంది. కామరాజ్, ఎం.జి.ఆర్. దాన్ని రాష్ట్రమంతా విస్తరించారు. 2022లో బడిలో ఉదయం పలహారం కూడా వచ్చింది. ఇవన్నీ కావలసినవే. అయితే గర్భం నుంచి రెండో పుట్టినరోజు దాకా ఉన్న వెయ్యి రోజుల్లో జరిగిన నష్టాన్ని, ఐదేళ్లకు బడిలో పెట్టే అన్నం పూర్తిగా పూడ్చలేదు.

ఆ వెయ్యి రోజులకు అంగన్‌వాడీ ఉంది. ఆరు నెలలు నిండిన బిడ్డకు, గర్భిణికి, బాలింతకు ఉచిత పోషకాహారం 2013 ఆహార భద్రతా చట్టం ఇచ్చిన హక్కు. అది ఎవరి దయా కాదు. కానీ అద్దె ఇళ్లు మారుతూ ఉండే కుటుంబానికి తమిళం రాదు, అంగన్‌వాడీ ఎక్కడుందో తెలియదు.

అక్కడే మన పని మొదలవుతుంది. యువతీ యువకులారా, మీకు తెలుగూ వచ్చు, తమిళమూ వచ్చు. మన వీధిలో గర్భిణులు, రెండేళ్లలోపు పిల్లలు ఎక్కడెక్కడ ఉన్నారో తెలుసుకుందాం. వాళ్ల పేర్లు అంగన్‌వాడీలో రాయిద్దాం. సత్తుపిండి అందుతోందో లేదో, నెలనెలా బరువు, ఎత్తు చూస్తున్నారో లేదో కనుక్కుందాం. అందకపోతే కలిసి వెళ్లి అడుగుదాం. సంఘంలో బిడ్డను ప్రతిష్ఠించే రోజున ఆ తల్లి ఏం తింటోందో కూడా అడుగుదాం.

ఆ బిడ్డ బడికి వచ్చేదాకా మనం ఆగకూడదు.