మన గురువుల బ్రహ్మచర్యం: శాసనమేమి? మన బాధ్యతయేమి?



మాదాపూర్, గచ్చిబౌలి కంపెనీలలో పనిచేసే మన యువతీయువకులను తోటి ఉద్యోగులు తరచు ఇలా అడుగుతుంటారు: "సి.ఎస్.ఐ. గుడిలో అయ్యగారు, అమ్మగారు ఉంటారు గదా, మీ ఫాదరుగారికి పెండ్లి ఎందుకుండదు?" ప్రశ్న న్యాయమైనదే. ఆంగ్లికన్ సభలో దోర్నకల్ తొలి బిషప్పు అజరయ్యగారు 1912లో అభిషేకం పొందేనాటికే గృహస్థులు. "దేవుని ఆజ్ఞ" అని ఒక్క మాటతో మనం తప్పించుకోరాదు.

పేతురుగారికి అత్తగారు ఉన్నదని సువిశేషమే చెబుతున్నది. గురువుల బ్రహ్మచర్యం విశ్వాస సత్యం కాదు, లాటిన్ శ్రీసభ శాసనం. గురుపట్టం పొందినవారు చేసుకొన్న పెండ్లి చెల్లదని 1139లో రెండవ లాటరన్ మహాసభ నిర్ణయించింది. 1983 నాటి ధర్మశాస్త్రం 277వ సూత్రంలో దీనిని దేవుని ప్రత్యేక వరమని చెప్పింది. తూర్పు సభల 1990 నాటి ధర్మశాస్త్రమైతే వివాహిత గురువులను గౌరవిస్తున్నది. 2017లో షంషాబాద్ మేత్రాసనం ఏర్పడిన సీరో-మలబారు వారు తూర్పు సభవారే. అయినా వారి గురువులూ బ్రహ్మచారులే. ఇక్కడొక మెలిక ఉన్నది. పెండ్లయినవానికి పట్టమివ్వడం వేరు, పట్టమైనవానికి పెండ్లి చేయడం వేరు. రెండవది తూర్పు సభలలోనూ లేదు.

శాసనం సంగతి ఇంతవరకే. నా ఆవేదన మన సంగతి గురించి.

మేత్రాసన విద్యార్థి ఈ బాధ్యతకు కట్టుబడేది డీకను పట్టంతోనే. అంతకు ముందే రామంతాపూర్ సెమినరీ నుండి ఇంటికి వచ్చిన అబ్బాయి ఏ మాటా తప్పలేదు. తన పిలుపు ఏదో తెలుసుకోవడానికే గదా సెమినరీ! అయినా మొక్కుకొన్న కొడుకు తిరిగొచ్చాడని తల్లి గుడికి రావడానికి సిగ్గుపడుతుంది, సంబంధాలవారు వెనుకాడుతారు. పోపుగారి నుండి విడుదల పొంది, గుడిలోనే జ్ఞానవివాహం చేసుకొన్న మాజీ గురువును పలకరించేవారు మనలో ఎందరు? పోపుగారికి లేని అభ్యంతరం మనకెందుకు?

ఇక మన మధ్య సేవచేస్తున్న గురువు మాట. ఆదివారం పూజ కాగానే కార్లు కదిలిపోతాయి, ఎవరి అపార్టుమెంటుకు వారు. విచారణ గురువు ఒక్కరే పళ్లెం ముందు కూర్చుంటారు. పెండ్లి వద్దన్న శాసనం స్నేహాన్ని వద్దనలేదు. ఈ నెలలో ఒక పూట ఆయనను భోజనానికి పిలవండి. జ్ఞానస్నానం సర్టిఫికెట్ పనేదీ పెట్టుకోకుండా పిలవండి.